నేను చుట్టిన మోటార్లు తిన్న కరెంటు

తెనాలిలో రైలు గేటుకి దగ్గర్లో మా మోటారు వైండింగ్ షాపు ఉంది. మా నాన్న పెట్టింది. కాలిపోయిన మోటారు వస్తే లోపల మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, మళ్ళీ తిరిగేలా చేసి పంపడం మా పని. నలభై ఏళ్ళుగా నేను చేసింది అదే. పిండిమర మోటార్లు, రైసుమిల్లు మోటార్లు, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోటార్లు, బోరు మోటార్లు. ఈ చుట్టుపక్కల తిరిగే మోటారు ఏదైనా ఒక రోజు మన గడప తొక్కాల్సిందేనని మా నాన్న అనేవాడు. అలా అన్నప్పుడు ఆయన మొహంలో కనిపించే గర్వం నాకూ వచ్చింది. దాన్ని పోగొట్టింది నా కూతురు.

ఆమె బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ చదివేది. హాస్టల్లో ఉండి శనివారాలు రైల్లో ఇంటికి వచ్చేది. ఆఖరి సంవత్సరంలో ఒక శనివారం పుస్తకాల సంచీతో పాటు, కాలేజీలో అడిగి తెచ్చుకున్న మీటరు పెట్టె ఒకటి మోసుకొచ్చింది. ఇంటికి కూడా పోకుండా నేరుగా షాపుకే వచ్చి, "అబ్బా, రేపల్లె లిఫ్టు మోటార్లు చుట్టేది నువ్వే కదా?" అని అడిగింది. మా ఇంట్లో ఉర్దూయే మాట్లాడుకుంటాం గాని మోటార్ల సంగతి వస్తే ఇద్దరికీ తెలుగే వస్తుంది. ఆ పని మాటలు మాకు తెలుగులో తప్ప తెలియవు.

"నేనే. ఏం?"

"నా ప్రాజెక్టు వాటి మీదే. ఆ మోటార్లు ఎంత కరెంటు తిని ఎన్ని నీళ్ళు పోస్తున్నాయో, ఆ కరెంటు కోసం ఎంత బొగ్గు కాలుతోందో చూడాలి. నువ్వు కూడా రావాలి. నేనొక్కదాన్నే వెళ్తే షెడ్డు తాళం కూడా తీయరు."

రేపల్లె అవతల కాలవ నీళ్ళు సరిగా అందని చివరి భూములున్నాయి. వాటికి నీళ్ళు తోడిపోసే ఎత్తిపోతల పథకాన్ని అందరూ లిఫ్టు అంటారు. మూడు పెద్ద మోటార్లు. నడిపేది రైతుల కమిటీ. కరెంటు బిల్లు మాత్రం కమిటీ చేతికి రాదు, అది ప్రభుత్వం చూసుకుంటుంది. మోటారు కాలినప్పుడల్లా దాన్ని ట్రాక్టరు ట్రక్కులో వేసుకుని తెనాలి తెస్తారు. మూడింటి మధ్యలో ఉన్నదాన్ని నేను ఏడుసార్లో ఎనిమిదిసార్లో చుట్టాను.

మర్నాడు పొద్దున ఇద్దరం రేపల్లె బండెక్కాం. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను. చదువుకున్న పిల్ల నా పని చూడటానికి వస్తోంది. వేమూరులో ఎక్కిన ఒక రైతు నన్ను గుర్తుపట్టి, "మీరు చుట్టిన మోటారు ఇంకా ఆడతానే ఉందండి భాయ్, చెక్కుచెదర్లేదు" అన్నాడు. విన్నావా అన్నట్టు కూతురి వైపు చూశాను. ఆమె నవ్వి కిటికీలోంచి బయటికి చూసింది.

షెడ్డులో ఆపరేటరు నా ఈడువాడు. ఇరవై ఏళ్ళుగా ఆ మూడు మోటార్లతోనే కాపురం చేస్తున్నాడు. ఆమె ఒక్కో తీగకీ మీటరు తగిలించి కాగితం మీద రాసుకుంది. మోటారుకీ పంపుకీ మధ్య బోల్టులు విప్పించి ఉత్త మోటారు తిప్పి మళ్ళీ రాసుకుంది. నీళ్ళు కొలవడానికి పెద్ద యంత్రమేమీ తేలేదు. కాలవ వెడల్పు, లోతు టేపుతో కొలిచి, ఎండిన కొబ్బరిడొక్క ముక్క ఒకటి నీళ్ళలో వేసి, అది ఇరవై అడుగులు పోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోనులో చూసింది. ఒక్కో మోటారుకి పదేసి సార్లు.

"ఏంటమ్మా, పడవ పందేలా?" అన్నాడు ఆపరేటరు.

"అవునండి మామయ్యా. మూడింట్లో ఏది గెలుస్తుందో చూద్దాం" అంది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఆమె పెద్దగా మాట్లాడలేదు. అలసిపోయిందనుకున్నాను. వారం గడిచి మళ్ళీ శనివారం వచ్చాక, షాపులో స్టూలు మీద కూర్చుని, నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "అబ్బా, కోప్పడవు కదా?" అంది.

"చెప్పు."

"మూడు మోటార్లూ ఒకే సైజువి, ఒకే కంపెనీవి, ఒకే ఏడు కొన్నవి. కానీ మధ్యది అన్నిటికంటే ఎక్కువ కరెంటు లాగుతోంది. నీళ్ళేమో అన్నిటికంటే తక్కువ పోస్తోంది. గోడపక్కది అన్నిటికంటే నయం. గోడపక్కదాన్ని నువ్వు ఎన్నిసార్లు చుట్టావు?"

"ఒక్కసారి."

ఆమె అది నోటుపుస్తకంలో రాసుకుంది. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి.

"పంపు రెక్కలు అరిగుంటాయి. దానికి మోటారేం చేస్తుంది?"

"రెక్కలూ అరిగాయి. కానీ పంపు విప్పేసి ఉత్తది తిప్పినప్పుడు కూడా మధ్యదే ఎక్కువ లాగింది. అందుకే బోల్టులు విప్పించాను." తర్వాత మెల్లగా అంది. "పాత తీగ తీయడానికి మనం మోటారుని మంటలో పెడతాం కదా. ఆ వేడికి లోపలి ఇనుప రేకుల మధ్య పూత కాలిపోతుంది. పూత పోతే ఇనుములోనే కరెంటు తిరిగి వేడి పుడుతుంది. అదంతా వృథాయే. ఇంకొకటి. సరైన నెంబరు తీగ దొరక్కపోతే ఒక నెంబరు సన్నది చుడతావు కదా. దానివల్ల కూడా."

అది నిజమే. ఆ నెంబరు దొరకని రోజుల్లో చేతికందిన తీగ చుట్టి పంపిన సంగతి నాకు తెలుసు. మా నాన్న కూడా అలాగే చేసేవాడు. తిరిగితే చాలు అనేవాడు. కానీ ఆ మాట నా కూతురు నా షాపులో, నా స్టూలు మీద కూర్చుని చెప్పడం నాకు మింగుడు పడలేదు.

"దేశంలో ఇంకేమీ కనపడలేదా నీకు? పట్నాల్లో మేడమేడకీ ఏసీలు, పగలు కూడా వెలిగే బోర్డులు, వాటన్నిటినీ వదిలేసి మీ నాన్న మోటారు దగ్గరికొచ్చావా?"

"వాటిని ఎవరూ వదల్లేదు అబ్బా. కానీ నీళ్ళు తోడే మోటార్లు దేశంలో లక్షలకి లక్షలున్నాయి. ప్రతి ఊళ్ళోనూ నీలాంటి షాపు ఉంది."

ఇంటికి వెళ్ళేటప్పుడు రైలు గేటు పడింది. ఇద్దరం స్కూటరు మీద కూర్చుని ఉన్నాం. బొగ్గు గూడ్సు పోతోంది. ఈ గేటు దగ్గర చిన్నప్పట్నుంచీ ఆ నల్ల వ్యాగన్లు చూస్తూనే ఉన్నాను. అవి ఎక్కడికి పోతాయని ఎప్పుడూ అనుకోలేదు. వెనక కూర్చున్న నా కూతురు, రైలు చప్పుడులో వినపడాలని నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. ఆ బొగ్గులో ఉన్న వేడిలో ఇంచుమించు మూడో వంతే కరెంటవుతుందట. మిగతాది గాలిలో, నీళ్ళలో పోతుంది. అయిన కరెంటులో కొంత తీగల్లోనే కరిగిపోతుంది. చివరికి రేపల్లె షెడ్డుకి చేరిందాంట్లో మా మధ్య మోటారు మళ్ళీ కొంత వేడి చేసి పారేస్తుంది.

"కిలో బొగ్గు కాలిస్తే కిలో కంటే ఎక్కువే కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది" అంది.

"కిలోకి కిలో కంటే ఎక్కువ ఎలా వస్తుంది? నాకు చెప్పొచ్చావు."

"గాలిలో ఉన్న ఆక్సిజను దానికి తోడవుతుంది కదా. ఆ బరువు కూడా కలుస్తుంది."

ఆఖరి వ్యాగను పోయింది. గేటు లేచింది. ఆ వారమంతా ఆమె ఫోను చేస్తే మా ఆవిడ చేతికే ఇచ్చాను.

కానీ చేతిపని చేసేవాడికి ఒక జబ్బుంటుంది. ఎవరైనా నీ పని తప్పంటే, తప్పు కాదని చేసి చూపించేదాకా నిద్రపట్టదు. పాత సామానులో ఒకే రకం రెండు చిన్న మోటార్లు దొరికాయి. రెండూ కాలినవే. ఒకదాన్ని ఎప్పట్లాగే మంటలో పెట్టి, ఎర్రబడ్డాక కొక్కెంతో తీగ లాగేశాను. రెండోదాన్ని మా వీధి చివరి బేకరీ పొయ్యిలో, రొట్టెల పని అయిపోయాక, సన్నవేడి మీద పొద్దంతా పెట్టించాను. బేకరీ ఆయన నాకు వరసకి బావమరిది. వార్నిష్ వాసనకి రొట్టెలు పాడైతే నీదే పూచీ అని నస పెడుతూనే ఒప్పుకున్నాడు. రెండింటికీ ఒకే నెంబరు తీగ, ఒకే చుట్లు. ఉత్తవే తిప్పి మీటరు పెట్టాను. మంటలో పెట్టినది ఎక్కువ లాగింది. తీగ కలిపిన చోట తప్పుందేమోనని విప్పి మళ్ళీ కలిపాను. మళ్ళీ అదే. మూడోసారి కూడా అదే వచ్చేసరికి మీటరు బల్ల మీద పెట్టేసి బయటికొచ్చి కూర్చున్నాను.

నలభై ఏళ్ళలో ఎన్ని మోటార్లని మంటలో పెట్టానో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. కుదరలేదు. అవి తెనాలి నుంచి రేపల్లె దాకా, చీరాల మరమగ్గాల దాకా ఎక్కడెక్కడో తిరుగుతున్నాయి. ప్రతి దాని లోపలా నా చేతి వల్ల కొంచెం కొంచెం కరెంటు మండుతోంది. ఫోను చేసి కూతురికి చెప్పాను. "నువ్వన్నదే నిజం" అన్నాను. "చూసింది నువ్వే కదా అబ్బా, నేను ఉత్తినే చదివాను" అంది. ఆ మాటకి నాకు కొంచెం ఊపిరి వచ్చింది.

పాత ఇనుప పీపాకి లోపల వేడి బయటికి పోకుండా రాతి ఉన్ని పరిచి, వేడి కొలిచే మీటరు పెట్టి సొంతంగా ఒక పొయ్యి తయారు చేసుకున్నాను. ఇక మంటలో పెట్టేది లేదన్నాను. సరైన నెంబరు తీగ దొరికేదాకా చుట్టేది లేదన్నాను. మూడు నెలల్లో మోటార్లు తెచ్చే పార్టీల్లో సగం మంది వేరే షాపులకి వెళ్ళిపోయారు. సన్నవేడి మీద పెట్టాలంటే రోజున్నర ఎక్కువ పడుతుంది. పక్క వీధి షాపులో పొద్దున ఇస్తే మర్నాడు పొద్దునకి ఇచ్చేస్తారు. నేను మీటరు పెట్టి చూపించేవాణ్ణి. ఇదిగో, ఇది తక్కువ తింటుంది అనేవాణ్ణి. ఒక పెద్దమనిషి విసుగు లేకుండా అంతా విని, "భాయ్, కరెంటు ఎంత తింటే మనకేంటండి? బిల్లు వస్తే కదా. తిరుగుతుందా లేదా, అది చెప్పండి" అన్నాడు. ఆయన చెడ్డమాటేం అనలేదు. అందుకే నాకు మరీ విసుగొచ్చింది. బిల్లు రాని చోట ఎవరికి చూపిస్తాను ఆ మీటరు ముల్లు?

కూతురి ప్రాజెక్టుకి కాలేజీలో మంచి పేరొచ్చింది. ఆ కాగితాలు తీసుకుని ఇద్దరం కమిటీ అధ్యక్షుడి ఇంటికి వెళ్ళాం. ఆయన సొంత పొలమున్న రైతు, రేపల్లెలో ఎరువుల కొట్టు కూడా ఉంది. టిఫిన్ పెట్టించి, కాగితాలన్నీ తిరగేసి, "బాగుందమ్మా. మోటార్లు మార్చాలని నేనూ అంటూనే ఉన్నా. కానీ మా చేతిలో ఏముంది? బాపట్లలో లిఫ్టులు చూసే ఆఫీసులో ఇవ్వండి" అన్నాడు. బాపట్ల ఆఫీసులో ఇంజనీరు గారు మర్యాదస్తుడే. రెండో పేజీ దాకా చదివాడు.

"పరీక్ష ఎవరు చేశారు?"

"నేనేనండి. మా నాన్నగారు సాయం చేశారు" అంది కూతురు.

"అలా కుదరదమ్మా. గుర్తింపు ఉన్న సంస్థ ఆడిట్ చేసి ఇవ్వాలి. స్టూడెంట్ ప్రాజెక్టు మీద మోటార్లు ఎలా మారుస్తాం?"

"సంస్థని మీరు పిలవండి సార్. వచ్చి చూసుకోనివ్వండి" అన్నాను.

"దానికి కమిటీ తీర్మానం కావాలి."

తీర్మానం కోసం రేపల్లె, తీర్మానం పట్టుకుని బాపట్ల. తీర్మానంలో ఒక మాట తేడా ఉందని మళ్ళీ రేపల్లె. ఒకసారి వెళ్తే ఆయన మీటింగులో ఉన్నాడు. ఇంకోసారి సీటు మారాడు. కొత్తాయన కాగితాలు మొదట్నుంచీ చదివి, "ఇప్పుడు సోలారు బాగా వస్తోంది కదండి, పగటి పూటే పొలాలకి ఇస్తున్నాం. ఇంక మోటారు ఎంత తింటే మాత్రం పొగ ఎక్కడుంది?" అన్నాడు. నా కూతురు ఆ రోజు గొంతు పెంచకుండానే జవాబు చెప్పింది. "ఆ సోలారు కరెంటు ఇక్కడ వృథా కాకపోతే ఇంకెక్కడో బొగ్గు కరెంటుకి బదులు వాడుకోవచ్చు కదా సార్. దేశం మొత్తానికి కలిపి చూస్తే బొగ్గుదే ఇప్పటికీ పెద్ద వాటా." ఆయన తల ఊపాడు. కాగితాలు ఒక ఫైల్లో పెట్టాడు. ఆ ఫైలు తర్వాత నాకు కనపడలేదు.

ఆ ఏడాది చలికాలంలో కరెంటు పొదుపు మీద బాపట్లలో ఒక సభ పెట్టి నన్ను కూడా పిలిచారు. ఎవరో మా పొయ్యి సంగతి చెప్పారట. మధ్యాహ్నం, ఎండ బాగా ఉంది. హాలు కిటికీలన్నిటికీ పరదాలు వేసి లైట్లన్నీ వెలిగించారు. వచ్చిన స్కూలు పిల్లల చేత, గదిలోంచి బయటికెళ్ళేటప్పుడు ఫ్యాను ఆపేస్తామని ప్రమాణం చేయించారు. నాకు మాట్లాడటానికి రెండు నిమిషాలిచ్చారు. మోటారు లోపలి ఇనుప రేకుల గురించి మొదలుపెట్టేసరికి వెనక నుంచి చీటీ వచ్చింది, ముగించమని. పిల్లలు ఫ్యాను ఆపడం తప్పని నేననను. ఆపాలి. కానీ ఆ పిల్లల ఊళ్ళలో వందల ఇళ్ళ ఫ్యాన్లు ఆపి మిగిల్చింది ఒక్క పాత లిఫ్టు ఎక్కడో తాగేస్తుంటే, ఆ మాట చెప్పాల్సింది పిల్లలకా? కప్పిన శాలువా మడిచి సంచీలో పెట్టుకుని, అన్నం కూడా తినకుండా స్టేషనుకి నడిచాను.

తర్వాతి సీజన్లో నాట్లు పడిన పది రోజులకి మధ్య మోటారు కాలింది. పొద్దున ఎనిమిదింటికి ట్రాక్టరు మా షాపు ముందు ఆగింది. అధ్యక్షుడు, ఆపరేటరు, ఇంకో నలుగురు రైతులు. వాళ్ళలో ఒకావిడ ఉంది. రెండెకరాలు కౌలుకి చేస్తుందని, ఆమె చేను కాలవకి చిట్టచివర ఉందని ఆపరేటరు చెప్పాడు. ఆ మోటారుని ఇంక చుట్టనని నేను కమిటీకి ముందే చెప్పి ఉన్నాను. దాని లోపలి ఇనుము చచ్చిపోయింది. ఎన్నిసార్లు చుట్టినా అది మోటారు కాదు, పొయ్యి.

"నేను చెప్పానుగా అండి. దీన్ని మార్చమని ఎన్నిసార్లు తిరిగాను మీ చుట్టూ?"

"చెప్పారు భాయ్, కాదన్లేదు" అన్నాడు అధ్యక్షుడు. "కానీ ఇప్పుడు నేనేం చెయ్యను? మిగతా రెండిట్తో చివరిదాకా నీళ్ళు ఎక్కట్లేదు."

"సరే, ఇంకొక్కసారికి పొయ్యిలో పెట్టి చేస్తాను. మూడు రోజులు పడుతుంది."

"మూడు రోజులా? రేపు సాయంత్రానికి తిరగాలండి."

అప్పటిదాకా వెనక నిలబడ్డ ఆ కౌలు రైతమ్మ ముందుకొచ్చింది. కోపంగా లేదు. "అన్నయ్యా, నాకు మోటారు సంగతి తెలవదు. చేను నెర్రెలు ఇచ్చింది. ఎల్లుండికి నీళ్ళు రాకపోతే నాటు మొత్తం ఎండిపోతది. మళ్ళీ నారు కొనే ఓపిక నాకు లేదు" అంది.

నా కూతురు అప్పటికి చదువు అయిపోయి ఉద్యోగం కోసం చూస్తూ ఇంటి దగ్గరే ఉంది. షాపులో నా పక్కనే నిలబడి ఉంది. నేను ఆమె మొహం వైపు చూశాను. ఏం చెబుతుందోనని కాదు, ఆమె ముందు ఆ పని ఎలా చెయ్యాలోనని.

"మంటలోనే పెట్టు అబ్బా" అంది. "నేను పట్టుకుంటాను."

పెరట్లో మంట వేశాం. ఆ పొగ వాసన నాకు కొత్త కాదు గాని ఆ రోజు కళ్ళు బాగా మండాయి. ఎర్రబడ్డాక నేను కొక్కెం వేసి లాగుతుంటే ఆమె చేతులకి గుడ్డ చుట్టుకుని అటు పక్క పట్టుకుంది. మధ్యలో ఒకసారి చేతికి వేడి తగిలి ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది, మళ్ళీ పట్టుకుంది. తీగ మాత్రం సరైన నెంబరే తెప్పించాను. ఆపాటిదైనా చేశాననిపించుకోవాలి కదా. మర్నాడు మధ్యాహ్నానికి మోటారు ట్రాక్టరెక్కింది. సాయంత్రం ఆపరేటరు ఫోను చేసి నీళ్ళు చివరి చేల బోదె కాలవకి చేరాయన్నాడు. నాటు బతికింది. ఆ సంగతి నాకు సంతోషమే. కానీ ఆ సంతోషం కూడా సరిగా పడనీయలేదు నా కోపం. ఎవరి మీద కోపమో కూడా తేల్చుకోలేకపోయాను. ఆవిడ మీద కాదు. అధ్యక్షుడి మీద కూడా కాదు. చుట్టను అన్నవాణ్ణి, చుట్టాను.

ఆ వేసవిలో, మేం అడగడం మానేశాక, కొత్త మోటార్లు వచ్చాయి. మా కాగితాల వల్ల వచ్చాయా, ఇంకేదైనా పథకం కింద వచ్చాయా, నాకిప్పటికీ తెలీదు. ఆపరేటరు చెబితే వెంటనే వెళ్ళాను. మూడూ కొత్తవి, పంపులు కూడా కొత్తవే. నీలం రంగు మెరిసిపోతోంది. చెయ్యి పెట్టి చూశాను, వేడి లేదు. చాలా రోజుల తర్వాత మనసు తేలికైంది. తర్వాత పైపు దగ్గర వాల్వు చూశాను. సగం మూసి ఉంది.

"ఇది మూశావేంటి?"

"పూర్తిగా తీస్తే పైపు అదిరిపోతందండి. జాయింట్లు ఊడతన్నాయి. ఈ పంపులు పాతవాటి కంటే పెద్దయి కదా. బిగించినోళ్ళే సగం మూసి నడుపుకోమన్నారు."

పాత పైపులు అలాగే ఉంచి వాటికి పెద్ద పంపులు తెచ్చి పెట్టారు. సగం మూసిన వాల్వు మీద మోటారు తోస్తూ ఉంటుంది. ఆ తోసిన బలమంతా వాల్వు దగ్గరే చచ్చిపోతుంది. ఎక్సలేటరూ బ్రేకూ రెండూ తొక్కి బండి నడిపినట్టు. మళ్ళీ బాపట్ల వెళ్ళాను. పైపు మార్చండి, లేదా పంపు లోపలి రెక్కల చక్రాన్ని కొంచెం చిన్నది చేయించండి, అది లేతు మిషను మీద ఒక్కరోజు పని అని చెప్పాను. చక్రాన్ని ముట్టుకుంటే గ్యారంటీ పోతుందన్నారు. పైపు ఈ టెండరులో లేదన్నారు.

అప్పుడు నా కూతురే ఒక ఉపాయం చెప్పింది. ఉద్యోగం వచ్చి అప్పటికి చీరాల వెళ్ళిపోయింది. మరమగ్గాల షెడ్లలో కరెంటు పరీక్షలు చేసే పని. ఫోనులో అంది. "పంపులు పెద్దవి కదా. వాల్వు పూర్తిగా తెరిచి రెండే నడిపితే మూడు పోసినన్ని నీళ్ళు పోస్తాయేమో చూడు. రెండిట్తో అయితే పైపు కూడా ఓర్చుకోవచ్చు." ఆపరేటరుని బతిమాలి ఒక పొద్దున అలా నడిపించాం. జాయింటు దగ్గర చెయ్యి పెట్టి నేను గంటసేపు కూర్చున్నాను. అదరలేదు. కొబ్బరిడొక్క వేసి చూశాం. నీళ్ళు ఒక పిసరు తక్కువ, అంతే. కరెంటు మాత్రం బాగా తగ్గింది.

రైతులు ఒప్పుకోలేదు. "మూడిచ్చింది రెండు ఆడించుకోవడానికా? ఒకటి పండబెడితే రేపు ఎవరన్నా పట్టుకుపోతారు" అన్నాడొకాయన. ఇంకొకాయన నేను కరెంటోళ్ళ మనిషినన్నాడు. వాళ్ళందర్నీ కాలవ గట్టు మీదికి తీసుకెళ్ళి, మూడు నడిపినప్పుడు నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద గీత గీసి, తర్వాత రెండు నడిపించి మళ్ళీ గీశాను. రెండు గీతల మధ్య బొటనవేలంత తేడా. కౌలు రైతమ్మ ఆ రోజు కూడా వచ్చింది. చాలాసేపు గీతలు చూసి, "నా చేనుకి ఎక్కుతాయి కదా, ఇంకేం కావాలి, రెండే ఆడించండి" అంది. ఆమె చేను చిట్టచివరిది కాబట్టి ఆమె మాటకి ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. ఆ సీజనంతా రెండే నడిచాయి. ఎవరి చేనూ ఎండలేదు. అన్నేళ్ళలో నాకు దక్కింది ఆ ఒక్క సీజను.

మరుసటి ఏడు కమిటీ మారింది. కొత్త అధ్యక్షుడు మూడూ నడిపిస్తానని మాటిచ్చే గెలిచాడట. ఆపరేటరు ఫోనులో ఆ సంగతి చెబుతూ, "నేనేం చెయ్యనండి, నన్ను తిట్టమాకండి" అన్నాడు. తిట్టలేదు. వాల్వు మళ్ళీ సగం మూశారు.

ఇప్పుడు నేను పైపు కోసం అర్జీలు పెడుతున్నాను. నా అర్జీ పరిశీలనలో ఉందని ఇప్పటికి మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడూ ఒకటే ఉత్తరం, తేదీలు వేరు. మా ఆవిడ, ఈ వయసులో నీకెందుకు, నీ షాపు చూసుకో అంటుంది. కూతురు చీరాల నుంచి ఫోను చేసినప్పుడు అక్కడి షెడ్డు యజమానుల గురించి చెబుతుంది. వాళ్ళు ఆమె చెప్పింది వింటారట, ఎందుకంటే బిల్లు వాళ్ళే కట్టుకోవాలి. నాకది విన్నప్పుడల్లా అసూయగా ఉంటుంది. సోమవారం మళ్ళీ బాపట్ల వెళ్తున్నాను. ఈసారి పైపు కొలతలు, బిగించడానికి ఎన్ని రోజులు పడుతుందో అన్నీ రాసి, ఆపరేటరు చేత కూడా సంతకం పెట్టించాను. సంతకం పెడుతూ అతను, "ఈ సారన్నా చదువుతారంటారా?" అని అడిగాడు. నాకు తెలీదన్నాను.